కనిపెట్టే రోజులు

గుంటూరు,
డిసెంబరు 8, 2025

ప్రియమైన చిన్నబాబుకు,

ప్రభువు నామంలో ఆశీర్వాదాలు. ఇక్కడ మేమందరమూ క్షేమం. మీ నాన్నగారి షుగరు అదుపులోనే ఉంది. నవంబరు 2వ తేదీ తరువాత నీ దగ్గర నుంచి ఫోను రాలేదు. పని ఒత్తిడి అయి ఉంటుంది. ఆ సంగతి అడగడానికి కాదులే, క్రిస్మస్‌కు ముందు ప్రభువు రాక కోసం కనిపెట్టే, అంటే ఎదురుచూసే, ఈ ఆగమన కాలం గురించి నాలుగు మాటలు చెబుదామని రాస్తున్నాను.

నిన్న గుడిలో ఆగమన చక్రం మీద రెండవ ఊదారంగు కొవ్వొత్తి వెలిగించారు. మన వీధిలో మాత్రం ఒకటో తేదీ నుంచే సెమీ క్రిస్మస్ మైకులు మోగుతున్నాయి. సంబరం వద్దనను గానీ, ఈ నాలుగు వారాలూ పండుగకు ముందు మనసును ఊడ్చి కళ్ళాపి చల్లుకోవలసిన రోజులని నా నమ్మకం. యెషయా గ్రంథమూ, లూకా సువార్త మొదటి అధ్యాయమూ నెమ్మదిగా చదువుకో. మాట పడిపోయిన జెకర్యా కూడా, బిడ్డకు ఏం పేరు పెట్టాలని అడిగినప్పుడు పలక తెప్పించుకుని రాశాడు కదా, నాన్నా.

ఆ కొవ్వొత్తుల చక్రం పుట్టింది నువ్వున్న హాంబర్గ్‌లోనే. విఖెర్న్ పాస్టరు గారు పేద పిల్లలను చేరదీసి నడిపిన ఆశ్రమంలో, క్రిస్మస్ ఎప్పుడని వాళ్ళు పదేపదే అడుగుతుంటే, 1839లో ఒక బండి చక్రం మీద మామూలు రోజులకు చిన్న ఎర్ర కొవ్వొత్తులు, ఆదివారాలకు పెద్ద తెల్లవి అమర్చి, రోజుకొకటి చొప్పున వెలిగించారట. ఆ తరువాత మూడేళ్ళకు మన గుంటూరుకు వచ్చిన మిషనరీ హయ్యర్ గారు కూడా జర్మనీలో పుట్టినవారే. ఇప్పుడు అక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుందట. దీపమైనా వేసుకోకుండా ఒక్కడివే కూర్చుంటున్నావేమోనని నా బెంగ. గది మారావని సుధ పిన్ని కొడుకు చెప్పాడు. మాకు ఎందుకు చెప్పలేదు?

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. దానికి రెండు రోజుల ముందే రత్నం బాబాయి అవనిగడ్డ వెళ్ళాడు. ఆ నెల 27న మొదటి ఆగమన ఆదివారం వచ్చినా, మా ఇంట్లో గోడలకు సున్నం వేయలేదు, కొత్త బట్టలు తీయలేదు, క్యారల్స్ వాళ్ళను మా గుమ్మం దగ్గర ఆగవద్దని తాతయ్య కబురు పంపారు. నాయనమ్మ రోజూ పొద్దువాలగానే లాంతరు చిమ్నీని బూడిదతో తుడిచి, వత్తి కత్తిరించి, వెలిగించి అరుగు మీద పెట్టి, దాని పక్కనే కూర్చునేది. ఏడ్చేది కాదు, పైకి ప్రార్థన చేసేది కాదు. ఏం చేస్తున్నావని అడిగితే, "కనిపెడుతున్నాను" అనేది. కీర్తనల్లో ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఇప్పటికీ కిరసనాయిలు వాసన గుర్తుకు వస్తుంది. రెండవ వారంలో, ఇదే డిసెంబరు 8 రాత్రి, మోకాళ్ళ దాకా బురదతో, ఎవరిదో చొక్కా తొడుక్కుని బాబాయి వచ్చాడు. శవాలు మోసే పనిలో ఉండిపోయానన్నాడు. నాయనమ్మ మాట్లాడకుండా కాళ్ళకు నీళ్ళు పోసి, అన్నం పెట్టి, చేయి కడుక్కున్నాక మాత్రం, "ఒక్క కార్డు ముక్క రాయలేకపోయావా, అయ్యా" అంది.

నీకు ఉపదేశాలు చేయకూడదనే అనుకున్నాను గానీ, ఇది విను. లేవగానే ఫోను ముట్టుకోకుండా పావుగంట కూర్చో. ఈ ఏడాది జరిగిన మంచీ చెడూ, ఏదీ దాచకుండా దేవుని ముందు పెట్టు. ఉద్యోగం పోయినా, మనసుకు దగ్గరైనవాళ్ళు దూరమైనా, మా దగ్గర సిగ్గుపడవలసిన పని లేదు. దేవుని ఎదుట మౌనంగా ఉండు, మాతో మాత్రం మాట్లాడు. బయటికి వెళ్ళేటప్పుడు చెవులకు మఫ్లరు చుట్టుకో, రాత్రి పూట చల్లని అన్నం తినకు.

అరిసెలు, జంతికలు, కందిపొడి పాత చిరునామాకే పార్సిల్ చేశాను. పొడి డబ్బా మూతకు టేపు చుట్టాను, నిదానంగా విప్పు. నువ్వు అక్కడ లేకపోతే కొత్త చిరునామా రాయి. మీ నాన్నగారు ఫోను తలగడ పక్కనే పెట్టుకుని పడుకుంటున్నారు, వేళకాని వేళ అని చూడకు.

ఇట్లు,
అమ్మ