రథసప్తమి జిల్లేడాకులకు ఒక హెచ్చరిక కూడా జతచేయండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

మాఘ శుద్ధ సప్తమి దగ్గరపడుతోంది. ఆనాటి ఉదయం ఏడు జిల్లేడాకులు, రేగుపండ్లు తలమీద, భుజాలమీద పెట్టుకుని స్నానం చేయాలని మీ పత్రికతో సహా పత్రికలన్నీ ఏటా రాస్తాయి. అరసవల్లి సూర్యదేవుని క్షేత్రమున్న మా శ్రీకాకుళం జిల్లాలో ఈ ఆచారానికి ఎంత ఆదరణ ఉందో చెప్పనక్కరలేదు. అయితే ఆ ఆకులను ఎలా కోయాలో, కోసిన తరువాత ఏ జాగ్రత్త తీసుకోవాలో ఎక్కడా రాయడం లేదు. ఆ ఒక్క మాట తెలియకపోవడం వల్ల మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

రెండేళ్ల క్రితం రథసప్తమి నాడు నా భార్య చెరువు గట్టున జిల్లేడాకులు తుంచి, పాలంటిన చేత్తోనే కన్ను నులుముకుంది. కాసేపు మంట పుట్టి తగ్గిపోయింది. నొప్పి లేదు కదా అని ఆమె పూజ పనుల్లో, పరమాన్నం వండడంలో పడి ఆ సంగతే మరచిపోయింది. మధ్యాహ్నానికి ఆ కంటికి అంతా మంచు కమ్మినట్టు కనిపించసాగింది. సాయంత్రానికి ఎదుటి మనిషి ముఖం ఆనలేదు. మందుల దుకాణంలో కళ్లకలక చుక్కలు ఇచ్చి పంపడంతో ఒక రోజు వృథా అయింది. మరునాడు కంటి వైద్యులు పరీక్షించి, నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, అంటే కార్నియా, నీరు పట్టి ఉబ్బిందని చెప్పారు. వారి చికిత్సతో రెండు వారాలకు చూపు తిరిగి వచ్చింది.

నొప్పి లేకపోవడమే ఇందులోని అసలు ప్రమాదం. జిల్లేడు పాలకు తాకిన చోటును మొద్దుబార్చే గుణం ఉంది. ఆ పాలలో కాలోట్రోపిన్, ఉస్కారిన్ వంటి విషపదార్థాలు ఉంటాయి. కార్నియా అద్దంలా తేటగా ఉండాలంటే దాని లోపలి కణాలు నీటిని ఎప్పటికప్పుడు బయటికి తోడుతూ ఉండాలి. ఈ విషం ఆ తోడుడును ఆపివేస్తుంది. ఒంట్లోకి చేరితే గుండె లయను దెబ్బతీసేవీ ఇవే. ఆయుర్వేదం అర్కాన్ని, అంటే జిల్లేడును, ఔషధంగా వాడుతూనే ఉపవిషాల్లో, అంటే తక్కువ తీవ్రత గల విషాల్లో, చేర్చింది. 1945 నాటి ఔషధ నియమావళిలో వైద్య పర్యవేక్షణలోనే తీసుకోవలసిన విషద్రవ్యాల జాబితాలోనూ దాని పేరు ఉంది.

నేను ముప్పై ఏళ్లు జీవశాస్త్రం బోధించాను. ఎడారి మొక్కలకు ఉదాహరణగా జిల్లేడును చూపి, ఆకుల మీది మైనపు పూత నీటిని ఆవిరి కానివ్వదని, వేరు లోతుకు పోతుందని, అందుకే చవిటి నేలలోనూ రోడ్డు వారనూ ఎవరూ నీళ్లు పోయకుండానే నిలువెత్తు పెరుగుతుందని పిల్లల చేత రాయించాను. ఆ పాలు కంట్లో పడితే ఏమవుతుందో మాత్రం ఒక్క తరగతిలోనూ చెప్పలేదు. ఆ బాధతోనే ఇప్పుడు రాస్తున్నాను.

ఇది చదివి ఎవరూ జిల్లేడు పొదలను నరికివేయవద్దని కూడా మనవి. వరిమళ్లలో పచ్చిరొట్టగా తొక్కే ఆకు ఇది. ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు పురుగుల నివారణకు పది రకాల ఆకులతో కాచే దశపర్ణి కషాయంలో వేసేదీ ఇదే. దీని బెరడు నారతో పూర్వం వింటి నారులు, వలల తాళ్లు పేనేవారు. నారింజ రంగు ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక ఈ ఆకుల మీద గుడ్లు పెడుతుంది. దాని గొంగళిపురుగులు ఆ విషాన్నే ఒంట్లో దాచుకోవడం వల్ల పక్షులు వాటి జోలికి రావు. గుబురుగా పూసిన జిల్లేడు దగ్గర నల్లని పెద్ద తుమ్మెదలు తిరగడం చూసినవారికి ఆ చెట్టు ఎంతమందికి ఆధారమో తెలుస్తుంది.

కనుక నా విన్నపం ఆచారం మానమని కాదు. రథసప్తమి స్నానవిధి, వినాయక చవితి పత్రి వివరాలు ప్రచురించేటప్పుడు పక్కనే నాలుగు వాక్యాలు వేయండి. ఆకులను ముందురోజే కోసి, తొడిమ నుంచి పాలు కారడం పూర్తిగా ఆగాక బాగా కడిగి ఆరబెట్టాలి. తలమీద నీళ్లు పోసుకునేటప్పుడు కళ్లు మూసుకోవాలి. పిల్లలకు పెద్దలే ఆకులు పెట్టాలి. హనుమంతుడికి జిల్లేడు పూలమాలలు గుచ్చేవారు సబ్బుతో చేతులు కడుక్కునే దాకా ముఖం తాకకూడదు. ముల్లు దిగినచోట పాలు వేసే అలవాటు ఉన్నవారికీ ఇదే వర్తిస్తుంది.

పాలు కంట్లో పడితే చనుబాలు, ఆముదం వంటివేవీ వేయకుండా, పావుగంటకు తక్కువ కాకుండా మంచినీటితో కడిగి, నొప్పి ఉన్నా లేకున్నా ఆ రోజే కంటి వైద్యుని దగ్గరకు వెళ్లి, పడింది జిల్లేడు పాలని మొట్టమొదటే చెప్పాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం జిల్లా