కేటలాగులో ఊళ్ళ పాత పేర్లూ చేర్చాలి

సంపాదకులకు నమస్కారం.

మన విశాఖపట్నంలో కొన్ని గ్రంథాలయాలు పుస్తకాల కేటలాగును కంప్యూటరుకెక్కించి పాఠకుల ముందుంచడం మెచ్చదగిన పనే. కానీ అందులో వెతికే పద్ధతి చెప్పేవారు లేక, ఉన్న పుస్తకం కూడా లేనట్టే అయిపోతోంది.

మా అన్నయ్య మనుమరాలు ఎం.ఏ. చరిత్ర చదువుతోంది. భీమిలి రేవు మీద ప్రాజెక్టు రాయవలసి వచ్చి, నగరంలోని ఒక గ్రంథాలయంలో భీమునిపట్నం అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ఫలితాలు సున్నా అని వచ్చిందట. ‘మన భీమిలి మీద ఒక్క పుస్తకమూ లేదు చిన్నతాతయ్యా’ అంటూ ఇంటికి వచ్చింది. మర్నాడు నేను తోడు వెళ్ళాను. దొరల కాలంలో ఆ ఊరిని బిమ్లీపటం అని రాసేవారు కనుక అలా కొట్టి చూడమని కాస్త గొప్పగానే చెప్పాను. అదీ సున్నాయే. చివరికి విశాఖపట్నానికి దొరలు రాసిన పేరు వైజాగపటం అని కొట్టించినప్పుడు, డబ్ల్యూ. ఫ్రాన్సిస్ కూర్చిన 1907 నాటి జిల్లా గెజిటీరు, అంటే జిల్లా వివరాల సర్కారీ గ్రంథం, తెర మీదికి వచ్చింది. బీరువాలోంచి తీయించి చూస్తే వెనక భాగంలో తాలూకాల వారీగా రాసిన వివరాల్లో భీమిలి కూడా ఉంది.

కేటలాగు గూగుల్ మాదిరిగా పుస్తకం లోపలి పుటలను గాలించదు. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ వివరాలు, పుస్తకం దేని గురించో చెప్పే విషయ శీర్షికలు, దాదాపు ఇంతే దానికి తెలిసినది. అదీ ఎక్కించినవారు ఏ స్పెల్లింగుతో ఎక్కిస్తే ఆ స్పెల్లింగుతోనే. అందుచేత ఊరి పేరుకు ఏమీ రాకపోతే తాలూకా, అదీ కాకపోతే జిల్లా, ఇలా ఒక్కో మెట్టు పైకి వెళ్ళి వెతకాలి. ఆ జిల్లా కూడా నేటి జిల్లా కాదు, పుస్తకం అచ్చయిన నాటి జిల్లా. 1936లో ఒరిస్సా ఏర్పడేవరకు కోరాపుట్, జయపురం ప్రాంతాలు వైజాగపటం జిల్లాలోవే. చికాకోల్ అని రాసిన శ్రీకాకుళం మాత్రం అప్పటిదాకా గంజాం జిల్లాలో ఉండేది. శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో, అనకాపల్లి 2022లో వేరు జిల్లాలయ్యాయి. అనకాపల్లి మీద పని చేసే విద్యార్థి పాత పుస్తకాలను అనకాపల్లి జిల్లా పేరుతో వెతికితే ఏం దొరుకుతాయి?

తెలుగు పుస్తకాల సంగతి ఇంకొక రకం చిక్కు. చాలాచోట్ల తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లోనే ఎక్కించారు. ‘శ’కు ఒకరు ఎస్ ఒక్కటే పెడితే ఇంకొకరు ఎస్ పక్కన హెచ్ కూడా పెడతారు; ‘త’కు, ‘థ’కు అదే గందరగోళం. తెలుగు లిపిలో ఉన్నచోట కూడా ‘థ’ రాయవలసిన చోట ‘ధ’ కనిపించడం మామూలే. కనుక పేరంతా కొట్టకుండా, అందులో తప్పు రాయడానికి వీలులేని ఒక్క మాటను ఎంచుకోవడం మేలు. అనుమానం ఉన్న అక్షరం దగ్గర ఆపేసి నక్షత్రం గుర్తు పెడితే, ఆ పై అక్షరాలు ఏవైనా సరే చాలా కేటలాగులు వెతికి పెడతాయి. రచయితను వెతికేటప్పుడు ఇంటిపేరు ముందా వెనకా అన్న తగాదా లేకుండా, రచయిత గడిలో కాక, అన్ని వివరాల్లోనూ వెతికే గడిలో ఇంటిపేరు ఒక్కటే కొట్టాలి.

ఒక్క పుస్తకం దొరికితే చాలు, మిగతావి అదే చూపిస్తుంది. దాని వివరాల పుటలో ఉన్న విషయ శీర్షికను నొక్కితే అదే శీర్షిక కింద చేర్చిన పుస్తకాలన్నీ వరుసగా వస్తాయి. పుస్తకం ఏ అలమారలో ఎక్కడుందో చెప్పే కాల్ నంబరు రాసుకుని అక్కడికి వెళ్ళి అటూ ఇటూ చూడడం మరీ మంచిది. పుస్తకాలను విషయాల వారీగా అంకెలతో వర్గీకరించే డ్యూయీ పద్ధతి పాటించే చోట ఆంధ్రప్రదేశ్ చరిత్ర 954.84 దగ్గర, తెలుగు సాహిత్యం 894.827 దగ్గర ఉంటాయి. నా అనుభవంలో తెర మీద కన్నా అలమార దగ్గరే ఎక్కువ దొరికాయి, అది వేరే సంగతి.

గ్రంథాలయాల వారికి నా మనవి ఒకటే. కార్డుల కాలంలో పాత పేరు మీద ఒక కార్డు పెట్టి, ‘ఫలానా పేరు చూడుము’ అని రాసేవారు. కంప్యూటరు వచ్చాక ఆ సొరుగులతో పాటు ఆ మర్యాద కూడా పోయింది. పేర్ల రూపాంతరాలను ఒకదానితో ఒకటి కలిపే ఏర్పాటు నేటి సాఫ్ట్‌వేర్లలోనూ ఉంది. న్యూజీలాండులో పుట్టి మన దేశంలోనూ ఎన్నో గ్రంథాలయాలు వాడుతున్న ‘కోహా’ అనే సాఫ్ట్‌వేరు ఉచితంగానే దొరుకుతుంది. ఆ గడులు నింపే మనిషి కావాలి, అంతే. పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో చెప్పిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగవది కదా. అంతవరకు కనీసం కంప్యూటరు పక్క గోడకు పాత పేర్లూ కొత్త పేర్లూ రాసిన కాగితం ఒకటి అతికించవచ్చు. ఉత్తరాంధ్ర ఊళ్ళ వరకు అటువంటి జాబితా నేనూ మా మనుమరాలూ కూర్చుని తయారు చేశాం. ఏ గ్రంథాలయం వారు అడిగినా తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
పెదవాల్తేరు, విశాఖపట్నం