నీ నిర్ణయాలు నీవే, పాపా

పాపా,

నీ ఏటీఎం కార్డు, బ్యాంకు పాస్‌వర్డ్ నేను పెట్టుకోను. నిన్న ఫోన్లో "ఇకమీదట ఏదైనా నువ్వే చెప్పు నాయనా, నా బుర్ర మీద నాకే నమ్మకం పోయింది, డబ్బు సంగతైనా ఉద్యోగం సంగతైనా నువ్వేమంటే అదే" అన్నావు. దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఫోన్ పెట్టేస్తే సరిపోదు, అందుకే మందుల షాపు మూశాక కూర్చుని రాస్తున్నా. తీరిగ్గా చదువు. ఒక్కసారిగా చదవలేకపోతే సగం ఇవాళ, సగం రేపు చదువు.

నీకున్నది బైపోలార్ జబ్బు, కొన్నాళ్ళు మనసు అతి హుషారుగా ఎగిరిపడుతుంది, దాన్ని మేనియా అంటారు, కొన్నాళ్ళు దిగులులో కుంగిపోతుంది, అది డిప్రెషన్. నువ్వు మూడు వేరువేరు సంగతులను కలిపేసుకుని భయపడుతున్నావని నాకు అనిపిస్తోంది. ఆ ఎండాకాలం మొదట్లో మేనియాలో నిద్ర లేకుండా తిరుగుతూ రేణిగుంట రోడ్డులో ప్లాటుకి అడ్వాన్స్ కట్టేసి, లోన్ యాప్‌లో అప్పు తీసుకున్నావే, అది ఒకటి. ఇప్పుడు మనసు కుదుటపడినా ఆఫీసు మెయిల్ రెండుసార్లు చదివితేగానీ ఎక్కడం లేదంటున్నావు, అది ఇంకొకటి. కొత్త కంపెనీవాళ్ళు నైట్ షిఫ్ట్‌తో ఉద్యోగం ఇస్తామంటే ఒప్పుకోవాలా వద్దా తేల్చుకోలేకపోవడం మూడోది. మూడింటికీ నీ బుర్ర చెడిపోయిందన్న ఒకే కారణం చెప్పుకుంటున్నావు. అది నిజం కాదు.

ప్లాటు సంగతి ముందు చెప్తా. 1994లో అమెరికాలోని అయోవాలో బెషారా, డమాసియో అనే శాస్త్రవేత్తలు, వాళ్ళతో పనిచేసేవాళ్ళు పేకముక్కలతో ఒక పరీక్ష తయారు చేశారు. నాలుగు కట్టలు ఉంటాయి, మొత్తం 100 ముక్కలు తీయాలి. రెండు కట్టల్లో ముక్క తీసిన ప్రతిసారీ 100 డాలర్లు వస్తాయి, కానీ మధ్యమధ్యలో పెద్ద జరిమానా పడుతుంది, పది ముక్కలయ్యేసరికి 1,000 వచ్చి 1,250 పోతాయి. మిగతా రెండింట్లో ముక్కకి 50 మాత్రమే వస్తాయి, పదింటికి 500 వచ్చి 250 పోతాయి. ఏ కట్ట ఎలాంటిదో ఆడేవాళ్ళకు ముందు చెప్పరు. మామూలుగా అయితే కొంతసేపటికి దెబ్బలు తగిలి తగిలి, ఎందుకో మాటల్లో చెప్పలేకపోయినా, చెయ్యి మెల్లగా చిన్న లాభం కట్టల వైపు పోతుంది. మొదట ఇది మెదడు ముందుభాగం దెబ్బతిన్నవాళ్ళ కోసం చేసిన పరీక్ష. తర్వాత బైపోలార్ ఉన్నవాళ్ళకూ పెట్టి చూశారు. మేనియాలో ఉన్నవాళ్ళు జరిమానాలు పడుతున్నా పెద్ద లాభం కట్టనే ఎక్కువగా పట్టుకున్నారు. స్థిమితంగా ఉన్నప్పుడు మాత్రం అన్ని అధ్యయనాల్లో ఒకే ఫలితం రాలేదు, కొన్నింటిలో కొంచెం తేడా కనబడింది, కొన్నింటిలో మిగతావాళ్ళతో సమానంగానే ఆడారు.

ఇది చదివినప్పుడు నాకు నువ్వే కళ్ళ ముందు కనబడ్డావు. ప్లాటు కొనేటప్పుడు ఈసీ (స్థలం మీద పాత లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) అంటే ఏమిటో, పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు ఎందుకు చూడాలో నీకు తెలియక కాదు, వాటి గురించి నాకే గడగడా చెప్పావు. తెలివి ఎక్కడికీ పోలేదు. లాభం మాత్రం కళ్ళ ముందు నిలబడింది, నష్టం అన్నది లోపల ఎక్కడా తగల్లేదు. మేనియాలో మెదడు బహుమతి వైపు విపరీతంగా లాగుతుంది, ఆగి ఆలోచించే భాగం పట్టు సడలుతుంది. దానికి తోడు నిద్ర లేదు. ఆ డబ్బు పోయిన బాధ నాకూ ఉంది, లేదని అబద్ధం చెప్పను. కానీ దాన్ని చూపించి "నేను జీవితాంతం నిర్ణయాలకు పనికిరాను" అంటే మాత్రం ఒప్పుకోను. జ్వరం తగ్గాక కూడా థర్మామీటర్‌లో పాత అంకెనే చూసుకుంటూ కూర్చున్నట్టు ఉంది ఆ మాట.

డిప్రెషన్‌లో ఇంకో రకం. అప్పుడు నిర్ణయం తీసుకోవడమే చేతకాదు, టిఫిన్‌కి దోశ పోయమంటావా ఇడ్లీ పెట్టమంటావా అని మీ అమ్మ అడిగితే కూడా నీకు కళ్ళనీళ్ళు వచ్చేవి. ఆ రోజుల్లో "ఉద్యోగం మానేస్తా" అన్నావు, "ఎవరికీ భారం కాకూడదు" అన్నావు. ప్లాటు ఎంత రోగం చేసిన పనో ఆ మాటలూ అంతే రోగం చెప్పిన మాటలు, ఎందుకంటే అప్పుడు బుద్ధికి చెడు ఒక్కటే కనబడుతుంది. అలాంటి ఆలోచన మళ్ళీ వస్తే, ముఖ్యంగా బతకాలనిపించకపోతే, ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్యి. నాతో చెప్పడం కష్టమైతే 14416కి చెయ్యి, అది టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు.

ఇక మెయిల్ రెండుసార్లు చదవడం సంగతి. బైపోలార్ ఉన్న చాలామందికి మేనియా, డిప్రెషన్ రెండూ లేని రోజుల్లో కూడా ఏకాగ్రత, విన్నది గుర్తుపెట్టుకోవడం, ఒక పనిని ముందే వరుసగా ఊహించుకోవడం కొంత మందగిస్తాయి. అందరికీ కాదు, అందరికీ ఒకే మోతాదులోనూ కాదు. నేర్చుకున్న విద్య, భాష, మొత్తం తెలివితేటలు మామూలుగా నిలిచే ఉంటాయి. అయితే ఇదంతా రోగం వల్లేనని అనుకుని ఊరుకోవద్దు పాపా, సరిచేయగలిగినవి చాలా ఉంటాయి. డిప్రెషన్ పూర్తిగా పోకుండా అడుగున కాస్త మిగిలినా ఇలాగే ఉంటుంది. నువ్వు వేసుకునే లిథియం మందు వాడేవాళ్ళలో థైరాయిడ్ తగ్గొచ్చు, థైరాయిడ్ తగ్గితే మతిమరుపు, బద్ధకం వస్తాయి. రక్తంలో లిథియం ఎక్కువైనా మొద్దుగా ఉంటుంది, చేతులు వణుకుతాయి. నిద్రకని ఇచ్చిన మాత్ర మర్నాడు పొద్దున వరకూ మత్తుగా ఉంచొచ్చు. అందుకే ఈ నెల లిథియం లెవల్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, కిడ్నీల కోసం క్రియాటినిన్, ఈ మూడు రక్తపరీక్షలూ చేయించు, రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి, పొద్దున మాత్ర ఉంటే రక్తం ఇచ్చాకే వేసుకో. మెయిల్ సంగతి డాక్టరుకి ఇప్పుడు నాకు చెప్పినట్టే చెప్పు, "బాగానే ఉన్నా సార్" అని లేచి రావద్దు.

మందు వల్లే మెదడు మందగించిందని నీకు నువ్వుగా ఆపొద్దు. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు మేనియాకి లిథియం పనిచేస్తుందని రాసినప్పటి నుంచి ఇన్నేళ్ళుగా దాన్ని వాడుతున్నారంటే ఊరికే కాదు, ఆత్మహత్యల ప్రమాదాన్ని తగ్గించే మందుల్లో అది ముందుంటుంది. హఠాత్తుగా ఆపేస్తే మేనియా తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. ఒక్కో మేనియాతో ఎంత నష్టమో మనం చూశాం.

షాపులో కూర్చున్నవాణ్ణి కాబట్టి ఇంకొకటి చెప్తా. రుయా ఆసుపత్రి దగ్గర మన షాపుకి తిరుమల కొండెక్కి దిగినవాళ్ళు మోకాళ్ళు పట్టుకుని వస్తారు, అందరూ అడిగేది బ్రూఫెన్ లేదా డైక్లోఫెనాక్. లిథియం వేసుకునేవాళ్ళకు ఆ మాత్రలు మంచివి కావు, రక్తంలో లిథియం పెంచేస్తాయి. నువ్వు ఈసారి వచ్చినప్పుడు అలిపిరి నుంచి నడుస్తానన్నావు కదా, 3,550 మెట్లు, మన ఎండల్లో చెమటకి ఒళ్ళు ఎండిపోయినా లిథియం పెరుగుతుంది. తెల్లవారకముందే బయలుదేరు, నీళ్ళు, ఉప్పేసిన మజ్జిగ వెంట పెట్టుకో, కాళ్ళు నొప్పి పుడితే పారాసిటమాల్ చాలు. శ్రీవారి మెట్టు దారైతే 2,388 మెట్లే, నాకైతే అదే నయమనిపిస్తుంది, నీ ఇష్టం.

ఏకాగ్రతకి చిట్కాలు నువ్వే బాగా కనిపెట్టుకోగలవు, అకౌంట్స్ మనిషివి. స్పెయిన్‌లో 239 మంది బైపోలార్ ఉన్నవాళ్ళతో ఒక అధ్యయనం చేసి 2013లో ప్రచురించారు. అందులో కొంతమందికి 21 వారాలు, వారానికోసారి కూర్చోబెట్టి జ్ఞాపకం, పని వరుస, సమయం చూసుకోవడం నేర్పించారు. జ్ఞాపకశక్తి పరీక్షల్లో మార్కులు పెద్దగా మారలేదు, కానీ వాళ్ళు ఉద్యోగం, ఇల్లు నడుపుకునే తీరు బాగుపడింది. నాకు ఆ రెండో మాటే ముఖ్యం. మీటింగులో విన్నది అక్కడికక్కడే రాసుకో, ఒక పని అయ్యాకే ఇంకోటి ముట్టుకో, లెక్కలు పంపేముందు ఒక్కసారి కాగితం మీద సరిచూసుకో. మెయిల్ రెండుసార్లు చదివితే చదువు, తప్పేముంది?

డబ్బు సంగతికి నాకు తోచింది ఇది. నేను కార్డు దాచుకుంటే నువ్వు బాగున్న రోజుల్లో కూడా చీరకో బస్సు టికెట్టుకో నన్ను అడగాలి, అడిగి అడిగి నీకు నువ్వు చిన్నపిల్లవైపోతావు. దాని బదులు ఇప్పుడు, బాగున్నప్పుడే, నీ చేత్తో నువ్వే కంచె వేసుకో. బ్యాంకు యాప్‌లో యూపీఐ రోజువారీ పరిమితి తగ్గించు. జీతంలో ఖర్చులు పోగా మిగిలింది ఇద్దరి సంతకం ఉంటేగానీ తీయలేని జాయింట్ ఖాతాలో వేసుకో. పెద్ద ఖర్చు, రాజీనామా, అప్పు, ఇలాంటివి ఏవైనా రెండు రాత్రులు సరిగ్గా నిద్రపోయి, నువ్వు నమ్మే ఇద్దరితో మాట్లాడాకే చెయ్యాలని నియమం పెట్టుకో. నాలుగు గంటలే పడుకున్నా అలసట లేకుండా హుషారుగా ఉన్నావంటే ఆ వారం దేనికీ సంతకం పెట్టొద్దు, డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఆ ఇద్దరు ఎవరో నువ్వే ఎంచుకో, నేను ఉండాల్సిన పని లేదు.

చట్టం కూడా నీ వైపే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక జబ్బు ఉందన్న కారణంతోనే మనిషికి తన చికిత్స గురించి నిర్ణయం తీసుకునే శక్తి లేదని అనకూడదు. ఇతరులకు ఆ నిర్ణయం తప్పుగా కనబడినంత మాత్రాన కూడా అనకూడదు, విషయం అర్థం చేసుకుని, ఫలితం ఊహించి, తన మాట చెప్పగలిగితే చాలు. మళ్ళీ తిరగబెడితే ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందుగానే రాసి పెట్టుకోవచ్చు. అత్యవసర చికిత్సకు మాత్రం అది వర్తించదు. నీ తరఫున మాట్లాడే ప్రతినిధిని తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి నియమించుకోవచ్చు, తర్వాత మార్చుకోవచ్చు కూడా. పోయినసారి ఆసుపత్రిలో ఎవరు ఏం చెప్పాలో తెలియక అందరం తలో మాట మాట్లాడాం, నీ మాట ఎవరూ అడగలేదు. ఈసారి నీ మాట కాగితం మీద ఉండాలి.

మీ మేనత్త "పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయి" అని మొన్న మళ్ళీ అంది. పెళ్ళి మందు కాదని నేనే గట్టిగా చెప్పాను. నీకు చేసుకోవాలనిపించినప్పుడు చేసుకో, అవతలివాళ్ళకు జబ్బు సంగతి ముందే చెప్పే చేసుకుందాం. పిల్లల ఆలోచన ఉంటే అంతకు చాలా ముందే డాక్టరుతో మందుల గురించి మాట్లాడాలి, వాల్‌ప్రొయేట్ లాంటివి కడుపులో బిడ్డకు హాని చేస్తాయి.

నైట్ షిఫ్ట్ సంగతి అడిగావు కాబట్టి నా అభిప్రాయం చెప్తా, ఆజ్ఞ కాదు. జీతం ఎక్కువే. కానీ నిద్ర తలకిందులైతే నీకు మేనియా లేచే ప్రమాదం ఉంది, ఈ జబ్బులో నిద్ర అంత ముఖ్యం. నేనైతే పగటి షిఫ్ట్ ఇస్తే వస్తానని అడుగుతా. జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం, ఆరోగ్య కారణాలు అంటే చాలు. వాళ్ళకు శుక్రవారం జవాబు చెప్పాలన్నావు. రెండు రాత్రులు పడుకుని, బెంగళూరులో నీ రూమ్మేట్‌తో, డాక్టరుతో మాట్లాడి నువ్వే తేల్చుకో. ఒప్పుకున్నా వద్దన్నా నేను ఎందుకని అడగను. రిపోర్టులు వచ్చాక వాట్సాప్‌లో పెట్టు, మీ అమ్మ ఊరబెట్టిన చింతకాయ పచ్చడి ఈ ఆదివారం బస్సులో పంపుతాం.

మీ నాయన
తిరుపతి