ఉగాండా పరిచర్య యాత్ర: జమా ఖర్చుల వివరణ

ప్రభువునందు ప్రియమైన సంఘస్థులందరికీ వందనాలు.

2025 జనవరిలో మన సంఘం తరఫున నలుగురు తూర్పు ఉగాండాలోని కుమి జిల్లాకు వెళ్లి, అక్కడి బోరింగులు బాగుచేయడంలో సాయపడి, 12 రోజులుండి వచ్చారు. అందుకోసం మీరిచ్చిన డబ్బు ఎక్కడెక్కడ ఖర్చయిందో మిషన్ కమిటీ తరఫున కోశాధికారిగా రాస్తున్నాను.

ముందు జమ. పోయినసారి నిల్వ 18,400 రూపాయలు. నాలుగు ఆదివారాల ప్రత్యేక కానుక 1,26,350. చందా పుస్తకాల మీద 2,41,000. కువైట్‌లో పనిచేస్తున్న మన బిడ్డలు పంపినది 64,000. వెళ్లిన నలుగురూ తలా 45,000 చొప్పున సొంతంగా కట్టినది 1,80,000. స్త్రీల సమాజం గుప్పెడు బియ్యం అమ్మగా వచ్చినది 31,250. మొత్తం జమ 6,61,000. స్త్రీల సమాజం బియ్యం ఏడాది పొడుగునా ఎసట్లో పోయబోయే ముందు తీసి పక్కన పెట్టిన గుప్పిళ్లు. ఈ లెక్క రాస్తున్నంతసేపూ నాకు ఆ బియ్యమే గుర్తొచ్చింది.

అందుకని అన్నిటికంటే పెద్ద ఖర్చు ముందు చెబుతాను: మనం వెళ్లి రావడం. ముంబయి నుంచి ఉగాండాలోని ఎంటెబ్బే విమానాశ్రయానికి టిక్కెట్లు 2,08,000, ముంబయికి రానుపోను రైలు 11,600, తలకు 50 డాలర్ల చొప్పున వీసాలు, వాటి రుసుములతో 17,400. ఎల్లో ఫీవర్ టీకా, మలేరియా మాత్రలు, ప్రయాణ బీమా 21,000. ఆ టీకా కాగితం లేనిదే అక్కడ దిగనివ్వరు, తిరిగొచ్చేటప్పుడు మన దేశంలోనూ అడుగుతారు. వేయించుకున్న 10 రోజులకు గానీ అది చెల్లదు, కాబట్టి టీకాలు డిసెంబరులోనే అయిపోయాయి. అక్కడ వ్యాను అద్దె, డీజిల్, డ్రైవరు భత్యం 62,000, బస, భోజనం 48,500. అన్నీ కలిపితే 3,68,500. మొత్తం ఖర్చులో నూటికి 59 వంతులు. నలుగురి సొంత డబ్బు తీసేసినా సంఘం కానుకల్లోంచి 1,88,500 ప్రయాణానికే పోయింది.

ఇది ఎక్కువే. మొదట 9 మంది పేర్లిచ్చారు. అందరూ వెళ్తే టిక్కెట్లకే 4,68,000 అయ్యేది. అక్కడి సంఘ పెద్దలను ఫోన్‌లో అడిగితే, బోరింగు పని తెలిసినవారిని పంపమన్నారు. పేరు తీసేసిన యువకులు నొచ్చుకున్నారు, ఆ బాధ మాకు తెలుసు. కానీ 2023 యాత్రలో మనం చేసిన తప్పు మళ్లీ చేయదలచుకోలేదు. అప్పుడు ఇంటింటా పాత బట్టలు పోగేసి, విమానంలో అదనపు సామానుకు 28,000 కట్టి తీసుకెళ్లాం. తీరా చూస్తే అక్కడి సంతలో పాత బట్టలు గుట్టలుగా పోసి అమ్ముతున్నారు. వాటిని మివుంబా అంటారు. ఆ వ్యాపారం మీదే బతికే కుటుంబాలున్నాయి. కమిటీ ముందుగా ఒక్క మాట అడిగుంటే తెలిసేది, అడగలేదు.

ఈసారి వెళ్లినవారిలో ఒకరు గ్రామీణ నీటి సరఫరా శాఖలో బోరింగులు బాగుచేసి రిటైరైన మన సహోదరుడు. అక్కడి పంపు చూడగానే "ఇది మన ఊరిదే కదండీ" అన్నారట. నిజమే. ఉగాండాలో యూ2 అని పిలిచే పంపు మన ఇండియా మార్క్ 2. మహారాష్ట్రలోని జాల్నా, షోలాపూర్‌లలో మిషన్ వాళ్ల చొరవతో తయారైన ఉక్కు పంపుల అనుభవం మీద, 1970లలో యునిసెఫ్ సాయంతో రూపొందింది. ఆ హ్యాండిలు చప్పుడు మనందరి చెవుల్లో ఉన్నదే.

జనవరి అక్కడ ఎండాకాలం. తెల్లారకముందే పసుపురంగు క్యాన్లు వరస కడతాయి. మూడు పంపులు బాగుచేశారు. ఒకదానికి వాషర్లు, బేరింగులు మారిస్తే సరిపోయింది. మిగతా రెండింటి ఇనుప పైపులు లోపలే తుప్పుపట్టి నీళ్లు ఎర్రగా వస్తున్నాయి. ఆడవాళ్లు ఆ నీళ్లు గిన్నెలు తోమడానికి వాడి, తాగడానికి చిత్తడినేలల్లోని చెలమలకు వెళ్తున్నారు. జింకు పూత కూడా అక్కడి నీటికి ఆగదని స్థానిక మెకానిక్‌లు చెప్పడంతో స్టెయిన్‌లెస్ స్టీల్ పైపులు దించారు. పైపులు, రాడ్లు 1,31,000. వాషర్లు, బేరింగులు, చైన్లు 19,300. మెకానిక్‌ల కూలి, రవాణా 24,000. మొత్తం 1,74,300. పనిముట్ల సెట్లు రెండు 38,000, అవి మెకానిక్‌ల దగ్గరే ఉంచి వచ్చారు. పంపుల పని ఆ మెకానిక్‌లే చేశారు, మన సహోదరుడు పక్కనుండి సాయం పట్టారు. ఇకమీదట పంపు చూసుకోవాల్సింది ఇంటింటా షిల్లింగులు పోగుచేసే ఆ ఊరి నీటి కమిటీయే.

మందులు ఎందుకు తీసుకెళ్లలేదని కొందరు అడిగారు. మన నర్సు సహోదరికి అక్కడ వైద్యం చేయడానికి రిజిస్ట్రేషన్ లేదు. ఊరి ఆరోగ్య కార్యకర్తలతో ఇళ్లకు వెళ్లి, బాలింతలతో కూర్చుని ప్రార్థించి వచ్చారు. సాయంత్రం కూడికలను అక్కడి పాస్టర్లే నడిపారు. మన పాస్టరుగారు రెండు రోజులు వాక్యం చెప్పారు.

ఉగాండా రాజధాని కంపాలాలో కొన్న, కుమి వాళ్లు మాట్లాడే అటెసో భాష బైబిళ్లు 60, వాటికి 34,200. కరెన్సీ మార్పిడి, బ్యాంకు రుసుములు 7,100. బోడాబోడా అనే అద్దె మోటారుసైకిళ్ల మీద తిరిగినందుకు 3,200, వీటికి రసీదుల్లేవు. తేదీలు, ఊళ్లు రాసి నలుగురూ సంతకాలు పెట్టిన కాగితం ఫైల్లో ఉంది.

మొత్తం ఖర్చు 6,25,300. నిల్వ 35,700. ఈ చందాలకు ఆదాయపు పన్ను రాయితీకి పనికొచ్చే 80జి రసీదులు ఇవ్వలేదు, చందా పుస్తకం మీద కూడా ఆ మాట రాశాం.

నిల్వ డబ్బుతో ఆ మూడు పంపులకు వాషర్లు, చైన్లు ముందే కొని ఆ ఊళ్ల నీటి కమిటీల దగ్గర ఉంచాలని కమిటీ అభిప్రాయం. వచ్చే ఏడాది ఎవరినీ పంపకుండా, అక్కడి ఇద్దరు యువకులకు పంపు పని నేర్పించే ఖర్చు భరిద్దామని స్త్రీల సమాజం అడుగుతోంది. నాకూ అదే సబబనిపిస్తోంది. సర్వసభ్య సమావేశంలో మీరే తేల్చాలి.

బిల్లులు, పద్దు పుస్తకం చర్చి ఆఫీసులో ఉన్నాయి. ఈ నెల ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక గంటసేపు నేనక్కడే కూర్చుంటాను. లెక్కలో తేడా కనబడితే అక్కడే చెప్పండి, వచ్చే ఆదివారం ప్రకటనల్లో సరిదిద్ది చదువుతాను.