నీ సంగతేంట్రా?

ఒరేయ్,

మొన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. "ఎలా ఉన్నావురా" అంటే "నాన్న ఇవాళ వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేశారు" అన్నావు. మళ్ళీ అడిగితే "ఆఫీసులో నెలాఖరు దాకా ఊపిరాడదు" అన్నావు. మూడోసారి అడిగితే "నాకేంరా, బానే ఉన్నా" అని పెట్టేశావు. మూడు జవాబుల్లో ఒక్కదాంట్లోనూ నువ్వు లేవు. మళ్ళీ ఫోన్ చేస్తే మధ్యలోనే మాట మార్చేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఒక్క బిగిన చదవక్కర్లేదు, వీలున్నప్పుడు కాస్త కాస్త చదువు.

అమ్మ తుంటి ఎముక విరిగి మంచాన పడ్డప్పటి సంగతి నీకు తెలుసు. ఒక్కటి మాత్రం నీకెప్పుడూ చెప్పలేదు. అప్పటికి మూడు నెలలుగా పగలు ఉద్యోగం, రాత్రి అమ్మ గదిలో కుర్చీ. కునుకు పట్టేలోపే ఏదో ఒక పిలుపు. ఒక రాత్రి మాత్రలు తీసి, గ్లాసులో నీళ్ళు పోసి, అమ్మ చేతిలో పెట్టాను. "ఇందాకే ఇచ్చావు కదరా" అంది. గంట క్రితం నేనే ఇచ్చానట. నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. ఆ రోజు అమ్మకి మెలకువగా తెలివిడి ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

"తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం" అనే సామెతని చిన్నప్పటి నుంచీ స్వార్థపు మాట అనుకునేవాణ్ణి. ఆ రాత్రే దాని అర్థం తెలిసింది. మొదలు అంటే పెట్టుబడి. అదే పోయాక ఇక వ్యాపారమేముంది? మీ నాన్నగారికి నువ్వు చేస్తున్న సేవకి పెట్టుబడి నీ ఒళ్ళూ, నీ తెలివిడీనే. అవి కరిగిపోతుంటే నాకిక్కడికి కనిపిస్తోంది.

అన్నిటికంటే ముందు నిద్ర. మన వయసువాళ్ళకి రోజుకి కనీసం 7 గంటలు కావాలంటారు డాక్టర్లు. ఇప్పుడు నీకు అంత కుదరదని నాకు తెలుసు. ఎంత దొరికితే అంతే పడుకో, కానీ లేచే వేళ మాత్రం మార్చకు. మన ఒంట్లో ఒక గడియారం ఉంటుంది. అది లోపల ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్‌బాష్, మైఖేల్ యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ వచ్చింది. వాళ్ళు పరిశోధించింది చిన్న చిన్న పండు ఈగల మీద. మనుషుల్లోనూ ఏర్పాటు దాదాపు అలాంటిదే. ఆ గడియారాన్ని రోజూ సరిచేసేది ముఖ్యంగా కంటిమీద పడే వెలుతురు. అందుకే లేవగానే ఫోన్ పట్టుకోకుండా బాల్కనీలోకో, గుమ్మం బయటికో వెళ్ళి ఓ పది నిమిషాలు నిలబడు. ఏమీ చెయ్యక్కర్లేదు, ఊరికే నిలబడు చాలు. రాత్రి దీనికి తలకిందులు. పడుకునే గంట ముందు నుంచీ దీపాలు తగ్గించు. నాన్నగారి కోసం లేవాల్సి వస్తే గదంతా వెలిగే ట్యూబ్‌లైట్ వెయ్యకు, కింద ఓ మూల చిన్న బల్బు పెట్టుకో. కాలికి దారి కనిపిస్తే చాలు. పని అయ్యాక మళ్ళీ నిద్ర పట్టడం తేలికవుతుంది.

నీ సాయంత్రం కాఫీ గురించి కూడా చెప్పాలి. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే చాలామందికి ఐదు గంటల దాకా పడుతుంది. అంటే ఆరింటికి తాగింది పదకొండింటికి కూడా సగం నీ రక్తంలోనే తిరుగుతూ ఉంటుంది. నువ్వేమో పక్కమీద దొర్లుతూ "టెన్షన్‌కి నిద్ర పట్టట్లేదు" అనుకుంటావు. మానేయమనట్లేదు, మధ్యాహ్నం దాటాక వద్దంటున్నాను.

పడుకోగానే రేపటి పనులన్నీ బుర్రలో వరస కడతాయి కదా, దానికి నాకు బాగా పనిచేసింది ఒకటుంది. తలగడ పక్కన ఒక కాగితం పెట్టుకుని రేపు చెయ్యాల్సినవన్నీ రాసెయ్యి. రిపోర్ట్ తేవాలి, ఫలానావాళ్ళకి మెయిల్ పెట్టాలి, నాన్నకి దుప్పటి మార్చాలి, ఇలా ఎంత చిన్నదైనా సరే. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2018లో ఒక ప్రయోగం ప్రచురించారు. పడుకునే ముందు కొందరి చేత అయిపోయిన పనులు రాయించారు, కొందరి చేత చెయ్యాల్సిన పనులు రాయించారు. చెయ్యాల్సినవి రాసినవాళ్ళే త్వరగా నిద్రలోకి జారుకున్నారు. కాగితం గుర్తుపెట్టుకుంటుందని తెలిస్తే బుర్ర దాన్ని వదిలేస్తుందేమో అని నాకనిపిస్తుంది. మాత్రల విషయంలోనూ అంతే. అమ్మ మంచం పక్క గోడకి ఒక పట్టిక అతికించాను. ఇచ్చిన ప్రతిసారీ టిక్కు, పక్కన టైము. ఆ రాత్రి తర్వాత మళ్ళీ ఒక్క పొరపాటూ జరగలేదు. నువ్వు కూడా ఇవాళే అతికించు.

నడక గురించి పెద్దగా చెప్పను, నీకు తెలియంది కాదు. వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త చురుగ్గా కదలమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఒకప్పుడు ఏకబిగిన కనీసం పది నిమిషాలైనా చేస్తేనే లెక్క అనేవాళ్ళు, 2020లో ఆ షరతు తీసేశారు. కాబట్టి మెట్లెక్కి దిగినా, ఫోన్ మాట్లాడుతూ వరండాలో అటూ ఇటూ తిరిగినా లెక్కలోకే వస్తుంది. తిండి కూడా అంతే. గిన్నె చేత్తో పట్టుకుని నిలబడి మింగకు, కూర్చుని తిను.

ఇంకోటి, ఖర్చూ లేదు, టైమూ పట్టదు. ఆఫీసు నుంచి వచ్చి నాన్నగారి గదిలోకి వెళ్ళే ముందు తలుపు దగ్గర ఒక్క నిమిషం ఆగు. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు గాలి తీసుకుని, ఆరు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా వదులు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కొంచెం తగ్గుతుంది, అది ఒంటికి పుట్టుకతో ఉన్న గుణమే. అందుకే వదలడం కాస్త పొడుగ్గా ఉండాలి. ఐదారుసార్లు చెయ్యి. ఆఫీసులో పడ్డ మాటలు గుమ్మం దాటి లోపలికి రాకుండా ఆగుతాయి. నేను అమ్మ మీద విసుక్కున్న రోజులన్నీ ఆ నిమిషం ఆగని రోజులే.

విసుగు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. నాన్నగారి మీద నీకు కోపం వస్తోంది కదూ? నాకు వచ్చేది. "ఇదంతా ఎప్పుడు అయిపోతుందో" అనుకునేవాణ్ణి, ఆ వెంటనే నన్ను నేను తిట్టుకునేవాణ్ణి. ప్రేమ ఉన్నచోటే ఆ అలసటా ఉంటుందిరా. దాన్ని దాచుకుంటే లోపలే కుళ్ళుతుంది. నాతో అను. ఎంత చెడ్డగా వినిపించినా సరే అను, నేను నిన్ను తప్పుపట్టను. రెండు వారాలకు మించి రోజూ దిగులుగా ఉన్నా, దేనిమీదా మనసు పోకపోయినా డాక్టర్ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం. బతకాలనిపించట్లేదు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా మాత్రం రెండు వారాలు ఆగకు. అర్ధరాత్రయినా సరే, ఆ నిమిషమే నాకు ఫోన్ చెయ్యి.

ఇక నీకు అన్నిటికంటే కష్టమైనది సాయం అడగడం. మీ తమ్ముడు "ఏమన్నా కావాలంటే చెప్పన్నయ్యా" అన్నాడని, నువ్వు "ఏం లేదులే" అన్నావని చెప్పావు. వాడు మొక్కుబడికి అని ఉండడురా. ఏం చెయ్యాలో వాడికి తెలియదు, నువ్వు చెప్పవు. నేనూ మా అక్కతో అలాగే నెట్టుకొచ్చాను, లోపల మాత్రం "ఎవరూ పట్టించుకోరు" అని కుమిలిపోయాను. ఒకరోజు ఉండబట్టలేక "మంగళవారం రాత్రి నువ్వు వచ్చి అమ్మ దగ్గర పడుకో" అన్నాను. "ఈ మాట కోసమే చూస్తున్నాను, నా చెయ్యి పడితే నీకు నచ్చదేమో అనుకున్నా" అంది. అప్పటి నుంచి మంగళవారాలు అక్కవి. ఆ ఒక్క రాత్రి పూర్తి నిద్రతో మిగతా వారమంతా నెట్టుకొచ్చాను. అందుకే "సాయం చెయ్యి" అని ఊరుకోకు. ఏ రోజు, ఏ గంటకి, ఏ పనో చెప్పు. "గురువారం ఫిజియోథెరపీకి నువ్వు తీసుకెళ్ళు" అను. వాడు నీలా చెయ్యకపోవచ్చు, దుప్పటి వంకరగా పరుస్తాడు. పరవనీ.

ఆఫీసులో కూడా ఒక్కటి వదిలెయ్యి. ఏది వదలాలో నీకే తెలుసు. "ఈ నెల నేను చెయ్యలేను" అని ఒక్క వాక్యం చాలు, దాని కింద పది సంజాయిషీలు రాయకు.

చివరగా, నువ్వు బొమ్మలు వెయ్యడం మానేసి ఎన్నాళ్ళయింది? నోటు పుస్తకాల వెనక అట్టలన్నీ నింపేసేవాడివి. స్నానం, నిద్ర, తిండి అన్నీ ఒంటిని నిలబెడతాయి, కానీ నువ్వు నువ్వుగా ఉండటానికి అదొకటి కావాలి. నాన్నగారు పడుకున్నప్పుడు ఓ పది నిమిషాలు పెన్సిల్ పట్టుకుని కూర్చో. ఏం గియ్యాలో తోచకపోతే దుప్పటి మీద పెట్టుకున్న ఆయన చేతులు గియ్యి. అమ్మ చేతులు నాకు ఒక్క ఫొటోలో కూడా సరిగ్గా లేవు.

ఈ ఆదివారం పొద్దున 9 గంటలకి వస్తున్నాను, సాయంత్రం దాకా ఉంటాను. వద్దని ఫోన్ చెయ్యకు. మాత్రల పట్టిక గోడకి ఉంచు, వాకర్ ఎక్కడుందో చూపించు, నాన్నగారిని ఎలా లేపాలో ఒకసారి చేసి చూపించు. ఆ తర్వాత నీ గదిలోకెళ్ళి తలుపేసుకుని పడుకో. నాన్నగారూ నేనూ కబుర్లు చెప్పుకుంటాం, ఆయనతో మాట్లాడి చాలా రోజులైంది.

నీ నేస్తం