పాట కట్టినోళ్ళ పేరు కూడా మైకులో చదవండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మా మేనల్లుడు అమెరికాలో నేష్‌విల్ అనే ఊరి దగ్గర ఉంటాడు, అక్కడ ఏటా నవంబర్‌లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వాళ్ళు అవార్డులిస్తారు, వాడు పంపిన వీడియోలు చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. కంట్రీ మ్యూజిక్ అంటే మన జానపదానికి చుట్టం అనుకోండి, అచ్చంగా అదే కాదు గానీ ఊళ్ళు, పొలాలు, ప్రేమలు, కష్టాలు ఇవే పాటలు. 1967లో మొదలెట్టి ఇప్పటికీ నడుపుతున్నారు.

అక్కడ పాడినోళ్ళ అవార్డు వేరు, రాసినోళ్ళది వేరు, వాయించినోళ్ళది వేరు, నాకు బాగా నచ్చింది ఇదేనండి. ట్రేసీ చాప్‌మన్ అనే ఆవిడ 1988లో ఇచ్చిన పాటని ల్యూక్ కోంబ్స్ అనే ఆయన మళ్ళీ పాడితే పెద్ద హిట్టయింది, 2023లో ఆ పాట అవార్డు మాత్రం రాసినావిడకే ఇచ్చారు, 35 ఏళ్ళ తర్వాత! వాయిద్యం అవార్డు 2019లో జెనీ ఫ్లీనర్ అనే ఫిడేలు ఆవిడకి వచ్చింది, ఒక ఆడమనిషికి అది రావడం అదే మొదలు. ఫిడేలు అనగానే నాకు మన విజయనగరమే గుర్తొచ్చింది, ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని ఫిడేలు నాయుడు గారనే కదా అనేవారు, 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాల మనది, ఘంటసాల గారు, సుశీల గారు చదివింది అక్కడే. అలాంటి ఊళ్ళో పల్లె పాట కట్టినోడిని పేరు పెట్టి పిలిచి కూర్చోబెట్టిన రోజు నేనైతే చూళ్ళేదండి.

మా పక్కూళ్ళో ఒక తాత ఉన్నాడు, తప్పెటగుళ్ళ గురువు. రేకు తప్పెట గుండెల మీద కట్టుకుని, కాళ్ళకి గజ్జెలేసుకుని, రెండు చేతులా కొడతా గెంతుతా పాడతాడు, దాని అంచు రాసుకుని రాసుకుని ఛాతీ మీద నల్లగా కాయ కాసేసింది. చదువు రాదు, సొంతంగా కట్టిన పాటలన్నీ నోటికే. వాటిలో ఒకటి మొన్న మా వీధిలో పెళ్ళి ఊరేగింపులో డీజేలో మోగిపోతంది, యూట్యూబ్‌లో వెతికి చూస్తే లిరిక్స్ అన్నచోట 'సేకరణ' అని ఉంది. సేకరణ ఏటండీ, మనిషి బతికుండగా? నిరుడు ఒక ఉత్సవానికి ఆయన జట్టుని పిలిచారు, ట్రాక్టర్ కట్టుకుని వచ్చారు పాపం, పాట ఊపందుకునేలోపే టైమైపోయిందని మైకు ఆపేసి శాలువా కప్పి దింపేశారు, జానపద కళాకారులు అన్నారంతే, పేరు చదవలేదు. ఆయన ఏమీ అనలేదు, గజ్జెలు విప్పి సంచిలో పెట్టుకున్నాడు. నాకే కడుపు తరుక్కుపోయింది.

దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను జాతర, జిల్లా అంతా విజయనగరంలోనే ఉంటాది. ఉత్సవం జరిపేవాళ్ళని నేనడిగేది ఒకటే, ఆ వారంలో ఒక్క సాయంత్రం తప్పెటగుళ్ళు, జముకుల కథ, తూర్పు భాగోతం లాంటి మన పల్లె కళల వాళ్ళకి కేటాయించి, కట్టినోళ్ళకి, పాడినోళ్ళకి, వాయించినోళ్ళకి విడివిడిగా అవార్డులివ్వండి. ఎవరికివ్వాలో కళాకారులే ఓటేసి తేల్చుకోవాలి, నేష్‌విల్‌లో కూడా ఓట్లు ఆ సంఘంలో ఉన్న ఆ రంగం వాళ్ళవే. డబ్బు ఎంతన్నది తర్వాత మాట, ముందు పేరు, ఊరు మైకులో గట్టిగా చదవాలి.

మీరు కూడా జిల్లా పేజీలో వారానికో పాట, కట్టినోళ్ళ పేరుతో వెయ్యండి సార్. తాత చెప్తుంటే నేను నోట్‌బుక్‌లో రాస్తన్నాను, ఇప్పటికి పదకొండు అయ్యాయి, అడిగితే ఫోటోలు తీసి పంపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, గజపతినగరం