ఆ పసుపు క్యాసెట్ ఎక్కడి నుంచి వచ్చిందంటే

కాకినాడ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

అటక దులుపుతుంటే దొరికిందని నువ్వు పంపిన ఫొటో చూసి కాసేపు నాకు మాట రాలేదు. అదే వీడియో గేమ్ పెట్టె, అదే పసుపు క్యాసెట్. వేసవి సెలవుల్లో మధ్యాహ్నమంతా మీ ఇంట్లో దాని ముందే కూర్చునేవాళ్లం కదా. బొమ్మ రాకపోతే క్యాసెట్ బయటికి లాగి ఉఫ్ అని ఊదడం, మళ్లీ దూర్చడం, కరెంటు పోగానే మీ నాన్నగారు పిలిచి ఎక్కాలు అప్పజెప్పమనడం, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. "గేమ్‌ని ఇలా క్యాసెట్‌లో పెట్టాలని ముందు ఎవరికి తోచింది నాన్నా?" అని మీవాడు అడిగితే చెప్పలేకపోయానని రాశావు. దానికి జవాబు నా దగ్గర ఉందిరా. ఫోన్లో మొదలుపెడితే సగంలో ఎవరో ఒకరు పిలుస్తారు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. వాడిని పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

2022 డిసెంబర్ 1న గూగుల్ తెరవగానే మొదటి పేజీలో ఒక పెద్దాయన బొమ్మ కనబడింది. నొక్కితే ఆడుకోవడానికి చిన్న చిన్న గేమ్‌లు వచ్చాయి. ఆయన పేరు జెర్రీ లాసన్, ఆ రోజు ఆయన పుట్టినరోజు. ఎవరీయన అని వెతుక్కుంటూ పోతే ఫెయిర్‌చైల్డ్ ఛానెల్ ఎఫ్ అనే కన్సోల్, అంటే టీవీకి తగిలించి ఆడే పెట్టె, తగిలింది. 1976 నవంబర్‌లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. ప్రోగ్రామ్ ఉన్న మెమరీ చిప్‌ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఆట మార్చాలంటే డబ్బా మారిస్తే చాలు అని ఇళ్లకి పంపిన మొదటి యంత్రం అదే. నేను ఇన్నాళ్లూ ఆ ఘనత అటారీ అనే గేమ్‌ల కంపెనీది అనుకున్నాను. ఇంత పెద్ద పని చేసిన యంత్రం పేరు మనం ఎందుకు వినలేదు, ఎందుకు నిలబడలేకపోయింది అన్నది అప్పటి నుంచీ నన్ను వదల్లేదు.

అంతకు ముందు సంగతి కాస్త చెప్పాలి. 1972లో వచ్చిన మాగ్నవాక్స్ ఒడిస్సీకి కూడా కార్డులు ఉండేవి. కానీ ఆ కార్డుల్లో ప్రోగ్రామ్ ఏదీ లేదు. లోపలి తీగల్ని ఒక పద్ధతిలో కలపడానికే అవి. ఆ తర్వాత ఇళ్లలోకి పాంగ్ వచ్చింది, తెర మీద బంతిని అటూ ఇటూ కొట్టే ఆట. 1976కి పాంగ్ మొత్తం ఒక్క చిప్‌లో ఇమిడి అందరికీ దొరకడంతో, ఎవరు పడితే వాళ్లు ఆ పెట్టెలు తయారుచేసి అమ్మారు. పెట్టెలో ఏ ఆట ఉంటే అదే. విసుగు పుడితే ఇంకో పెట్టె కొనుక్కోవాలి.

కనెక్టికట్ రాష్ట్రంలో అల్పెక్స్ అని ఒక చిన్న కంపెనీ. అందులో వాలెస్ కిర్ష్‌నర్, లారెన్స్ హాస్కెల్ అనే ఇద్దరు ఇంజినీర్లు ఇంటెల్ 8080 ప్రాసెసర్‌తో ఒక నమూనా కట్టారు. ఆట మెమరీ చిప్‌లో ఉంటుంది, చిప్ మారిస్తే ఆట మారుతుంది. దాన్ని ఫెయిర్‌చైల్డ్ అనే చిప్పుల కంపెనీకి చూపించారు. ఆ నమూనాని చేతికి తీసుకుని ఇంట్లో వాడే వస్తువుగా మార్చినవాడు మన లాసన్.

లాసన్ 1940లో న్యూయార్క్‌లో పుట్టిన నల్లజాతి మనిషి. ఒకటో తరగతిలో తన బల్ల దగ్గర జార్జ్ వాషింగ్టన్ కార్వర్ అనే నల్లజాతి శాస్త్రవేత్త బొమ్మ ఉండేదనీ, నువ్వూ ఇలా కావచ్చని టీచర్ చెప్పిందనీ ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. కుర్రతనంలో టీవీలు రిపేరు చేశాడు. కాలేజీలో చేరాడు గానీ డిగ్రీ పూర్తి చేయలేదు. ఫెయిర్‌చైల్డ్‌లో పనిచేస్తూనే తన గ్యారేజీలో ఆ కంపెనీ ఎఫ్8 ప్రాసెసర్‌తో డిమాలిషన్ డెర్బీ అనే కార్ల ఆట యంత్రం కట్టాడు. ఆ సంగతి తెలిసే కంపెనీ వీడియో గేమ్‌ల పని ఆయన చేతిలో పెట్టింది. ఆ రోజుల్లో కాలిఫోర్నియా చిప్ కంపెనీల్లో ఆయనలాంటి నల్లజాతి ఇంజినీర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మీవాడికి ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఈయన పేరు గుర్తుండాలిరా.

వాళ్ల ముందున్న చిక్కు ఎంతదో ఆలోచించు. చిప్ అంటే అప్పటికి ఇంజినీర్ జాగ్రత్తగా పట్టుకునే వస్తువు. దాన్ని పిల్లల చేతికిచ్చి, వేలసార్లు గుచ్చి లాగండి అంటున్నారు. ఒంటి మీది స్టాటిక్ కరెంటుకే చిప్ పోవచ్చు. కనెక్టర్ పళ్లు అరిగిపోవచ్చు. రాన్ స్మిత్ లోపలి మెకానిజం, నిక్ టేల్స్‌ఫోర్ బయటి రూపం చూసుకున్నారు. అప్పటి కారు టేపుల్లా లావుగా, పసుపు రంగులో డబ్బా చేశారు. అవున్రా, పసుపే. నీ ఫొటో పక్కన దాని ఫొటో పెట్టుకుని ఎంతసేపు చూశానో. పైగా టీవీ సిగ్నళ్లకి అడ్డు రాకూడదని ప్రభుత్వ నిబంధనలు చాలా గట్టిగా ఉండేవి. సర్క్యూట్ బోర్డు మొత్తాన్ని అల్యూమినియంతో కప్పాల్సి వచ్చింది.

కంట్రోలర్ కూడా కొత్తదే. చేతిలో పట్టుకునే కర్ర పైన ముక్కోణపు పిడి. ముందుకీ వెనక్కీ పక్కలకీ తోయడమే కాదు, తిప్పొచ్చు, పైకి లాగొచ్చు, కిందికి నొక్కొచ్చు. పెట్టె మీద హోల్డ్ అనే మీట ఉంది. నొక్కితే ఆట అలాగే ఆగిపోతుంది. ఇప్పుడు మీవాడు అన్నానికి పిలవగానే నొక్కే పాజ్, అదే.

ఇన్ని ఉన్నాయి, ధర 169 డాలర్ల 95 సెంట్లు. అటారీ తన కన్సోల్ తేవడానికి ఇంకా పది నెలలు పట్టింది, ధర కూడా దాదాపు 200 డాలర్లు. ముందు వచ్చింది ఇదే, చవకా ఇదే. మరి ఎక్కడ దెబ్బతింది?

ఒక సంగతి తెర మీదే ఉంది. పాత కన్సోల్ ఆటల్ని కంప్యూటర్‌లో నడిపించే ఎమ్యులేటర్‌లో ఆడి చూస్తే నాకు వెంటనే తెలిసిపోయింది. ఛానెల్ ఎఫ్ బొమ్మ గీసే పద్ధతి ముగ్గు వేయడం లాంటిది. 128 అడ్డం, 64 నిలువు చుక్కలకి ఒక మెమరీ ఉంటుంది, ప్రతి చుక్కకీ ఒక రంగు. బంతి జరగాలంటే ప్రాసెసరే పాత చోట చుక్కలు చెరపాలి, కొత్త చోట మళ్లీ పెట్టాలి, ఒక్కొక్కటిగా. కదలని ముగ్గుకి అది చక్కగా సరిపోతుంది. అందుకే మొదటి క్యాసెట్‌లోనే డూడుల్ అని బొమ్మలు గీసుకునే ప్రోగ్రామ్ ఉంది, టిక్ టాక్ టో ఉంది. కానీ తెర నిండా వేగంగా కదిలే ఆట కావాలంటే ఎఫ్8 ఆయాసపడేది. అటారీ వాళ్లు బొమ్మకి మెమరీయే పెట్టలేదు. టీవీ బొమ్మని గీత గీతగా గీస్తుంది కదా, ఒక్కో గీత గీస్తున్న క్షణంలోనే దాని మీద ఏముండాలో చిప్‌కి చెప్పడం, కదిలే వస్తువులకి అందులో వేరే ఏర్పాటు ఉండడం. మెమరీ మొత్తం 128 బైట్లు. ప్రోగ్రామర్‌కి నరకం. కానీ ట్యాంకులు, విమానాలు జారిపోతున్నట్టు కదిలేవి.

ధ్వని ఇంకో లోటు. అది టీవీలోంచి వచ్చేది కాదు, పెట్టెలో ఉన్న చిన్న స్పీకర్‌లోంచి బీప్ బీప్ అని వచ్చేది. బొమ్మ ఒక చోట, చప్పుడు ఇంకో చోట.

అయినా నేను యంత్రం మీద పెద్ద తప్పు పెట్టను. నా లెక్కలో అసలు కారణం ఫెయిర్‌చైల్డ్ చిప్పుల కంపెనీ కావడం. వాళ్లకి ఎఫ్8 అమ్ముడుపోవాలి, కన్సోల్ దానికొక దారి. ఆటే బతుకుగా ఉన్నవాళ్లు అటారీలో ఉన్నారు. నాణెం వేసి ఆడే యంత్రాల్లో జనం ఏ ఆట దగ్గర గుంపుగా నిలబడుతున్నారో వాళ్లకి రోజూ కనబడేది. ఇంటికి పంపిన కన్సోల్‌తో పాటే కంబాట్ అనే యుద్ధం క్యాసెట్ ఇచ్చారు, అందులో 27 రకాల ఆటలు. ఛానెల్ ఎఫ్‌లో లోపలే ఉన్నవి హాకీ, టెన్నిస్. అంటే పాంగ్‌తో విసిగిపోయిన ఇంట్లో కొత్త పెట్టె స్విచ్ వేస్తే మళ్లీ పాంగ్ లాంటిదే ముందు కనిపించేది. ఇక క్యాసెట్లు చూడు: బ్లాక్‌జాక్ అనే పేకాట, మ్యాథ్ క్విజ్. మ్యాథ్ క్విజ్ ఒకటి కూడికలు తీసివేతలకి, ఇంకొకటి గుణకారాలు భాగహారాలకి! ఎక్కాలు అప్పజెప్పించుకోవడానికి మీ నాన్నగారు ఉండగా, డబ్బులిచ్చి ఆ క్యాసెట్ కొనమని మనం అడిగేవాళ్లమా? నంబర్లు వేసి వచ్చిన క్యాసెట్లు మొదటి నుంచి చివరి దాకా 26. వాటిలో పక్కింటి పిల్లలు కూడా దీన్నే కొనమని ఏడ్చేంత ఆట ఒక్కటీ లేదు. బాగా ఆలోచించి చేసినవి లేకపోలేదు, 1978 నాటి వీడియో విజ్‌బాల్ నాకు నిజంగా నచ్చింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

పేరు సంగతి కూడా చెప్పాలి. మొదట దాని పేరు వీడియో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్. అటారీ తనదాన్ని వీడియో కంప్యూటర్ సిస్టమ్ అనేసరికి ఛానెల్ ఎఫ్ అని మార్చుకున్నారు. ఎఫ్ అంటే ఫన్. ముందు వచ్చినవాడు వెనక వచ్చినవాణ్ణి చూసి పేరు మార్చుకోవడం చదివి నాకు బాధేసింది.

డబ్బు దగ్గరికొస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1976లోనే వార్నర్ కంపెనీ దాదాపు 2.8 కోట్ల డాలర్లకి అటారీని కొన్నది. 1977 చివర్లో మిగిలిపోయిన పాంగ్ పెట్టెల్ని అందరూ నష్టానికి తెగనమ్మడంతో బజారు కూలింది. ఆర్‌సీఏ అనే ఇంకో కంపెనీ తన కన్సోల్‌ని 1978లో ఆపేసింది. అటారీ కూడా ఆ రెండేళ్లు నష్టాలే చూసింది, కానీ వెనక వార్నర్ ఉంది కాబట్టి తట్టుకుంది. ఫెయిర్‌చైల్డ్‌కి అప్పటికే డిజిటల్ వాచీల వ్యాపారం గుదిబండ అయింది. వాచీల ధరలు ఏడాదేడాదికీ పడిపోతున్నాయి. ఇళ్లకి అమ్మే సరుకంటేనే పైవాళ్లకి భయం పట్టుకుంది. 1979లో కంపెనీనే ష్లంబర్జర్ అనే సంస్థ కొనేసింది. ఛానెల్ ఎఫ్ జిర్కాన్ అనే చిన్న సంస్థ చేతికి పోయింది. వాళ్లు ధ్వనిని టీవీలోకి మార్చారు, కంట్రోలర్లు విడదీసుకునేలా చేశారు, ధర 100 డాలర్లకి తగ్గించారు. సరిగ్గా 1980లో అటారీకి స్పేస్ ఇన్వేడర్స్ క్యాసెట్ వచ్చింది. ఆ ఒక్క ఆట కోసమే జనం కన్సోల్ కొన్నారు. క్యాసెట్ మార్చుకునే పెట్టెకి జనం నిజంగా ఎగబడే రోజు వచ్చేసరికి, ఆ పెట్టెని మొదట చేసినవాళ్లు దుకాణం కట్టేశారు.

లాసన్ 1980లో బయటికొచ్చి వీడియోసాఫ్ట్ అని సొంత సంస్థ పెట్టుకున్నాడు. వాళ్లు చేసింది అటారీ కన్సోల్‌కి క్యాసెట్లు. 2011 మార్చిలో గేమ్ డెవలపర్ల సంఘం ఆయన్ని పిలిచి సత్కరించింది. మరుసటి నెలే, ఏప్రిల్ 9న, ఆయన పోయాడు. ఆ నెల ముందైనా పిలిచారు, అదే నాకు ఊరట.

ఇక మీవాడికి బాగా నచ్చే భాగం, కావాలనే చివరికి ఉంచాను. మనం ఆడిన పెట్టె జపాన్ నింటెండో వాళ్ల ఫామికామ్ అనే కన్సోల్‌కి నకలు. అల్పెక్స్ వాళ్ల పేటెంట్ ఉందని చెప్పాను కదా, లేదా? చెప్పలేదనుకుంటా. 1977లో వాళ్లకి పేటెంట్ వచ్చింది. దాని ఆధారంగా నింటెండో మీద దావా వేశారు. 1994లో జ్యూరీ 25 కోట్ల డాలర్లకి పైగా నష్టపరిహారం ఇవ్వమంది. 1996లో పైకోర్టు దాన్ని కొట్టేసింది. ఎందుకో తెలుసా? అల్పెక్స్ పేటెంట్‌లో ఉన్నది తెర మీది ప్రతి చుక్కకీ మెమరీ ఉంచే పద్ధతి. నింటెండో చిప్ అలా చేయదు, కదిలే బొమ్మల్ని గీత గీతకీ అప్పటికప్పుడు తీసుకొచ్చి చూపిస్తుంది. రెండూ వేరు అన్నారు. ఆ ముగ్గు పద్ధతే ఛానెల్ ఎఫ్‌ని నెమ్మదిగా నడిపించింది, ఇరవై ఏళ్ల తర్వాత ఆ ముగ్గు పద్ధతే దాన్ని కనిపెట్టినవాళ్లని కోర్టులో ఓడించింది. అది చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ పెట్టె మర్చిపోకుండా తీసుకురా. అడాప్టర్ పోయిందన్నావు, సరిపోయేది నా దగ్గర ఉంది. కనెక్టర్ పళ్లు ఊదొద్దని మీవాడికి చెప్పు, తడికి తుప్పు పడతాయి. నేను స్పిరిట్‌తో తుడుస్తాను. మా ఇంట్లో పాత డబ్బా టీవీ ఇంకా పనిచేస్తోంది, మేడమీది గదిలో పెట్టించాను. అమ్మని అడిగానని చెప్పు.

నీ
ప్రసాద్